పది నెలల పాప చంక దిగడం లేదు, వచ్చే నెలలో ఉద్యోగం: ఏం చేయాలి?

మీ ప్రశ్నని ముందు క్లుప్తంగా చెబుతాను, మిగతావాళ్ళకి కూడా విషయం తెలియాలి కదా. మీ పాపకి పది నెలలు నిండాయి. ఏడో నెల దాకా ఎవరు చేతులు చాచినా వెళ్ళిపోయేది. ఇప్పుడు మీరు బాత్‌రూంలోకి వెళ్ళినా తలుపు దగ్గర కూర్చుని ఏడుస్తోంది. రాజమండ్రి నుంచి తాతయ్య వస్తే మొహం చూడగానే గుక్కపట్టింది. బెంగళూరులో పనిచేస్తూ శని, ఆదివారాలు మాత్రమే వచ్చే వాళ్ళ నాన్న దగ్గరికి కూడా వెంటనే పోవడం లేదు. వచ్చే నెల ఒకటో తేదీన మీరు హైదరాబాద్‌లో మళ్ళీ ఉద్యోగంలో చేరాలి. "ఎప్పుడూ ఎత్తుకుని నువ్వే చెడగొట్టావు" అని అత్తగారు అంటున్నారు, "ఆటిజమేమో, ఎందుకైనా మంచిది చూపించుకో" అని పక్కింటావిడ అంటోంది. డేకేర్‌లో వేయాలా, అత్తగారిని కొన్నాళ్ళు ఉండమనాలా, అసలు ఉద్యోగమే మానేయాలా అని అడిగారు.

ఉద్యోగం మానేయనక్కర్లేదమ్మా. మీరు రాసినదాన్ని బట్టి పాపకి జబ్బేమీ కనబడటం లేదు, మీరు చెడగొట్టిందీ లేదు. డేకేరా, అత్తగారా అన్నదానికంటే ఎలాంటి మనిషి చేతిలో పెడుతున్నారు, ఎన్ని రోజులు తీసుకుని అలవాటు చేస్తున్నారు అన్నదే అసలు లెక్క. ఒకటి మాత్రం ఈ రోజే ఆపండి. "అత్తయ్య కాకిని చూపిస్తుంటే నేను వెనక తలుపు నుంచి జారుకుంటాను, లేకపోతే బయటపడలేను" అని ఒక్క వాక్యం రాసి వదిలేశారు. మీ ప్రశ్న మొత్తంలో నేను బాగా పట్టించుకున్నది ఆ వాక్యాన్నే. దాని సంగతి కింద వివరంగా రాస్తాను.

పిల్లల ఎదుగుదల క్లినిక్‌లో చాలా ఏళ్ళుగా తల్లిదండ్రులతో మాట్లాడుతున్నాను. ఎనిమిది నుంచి పద్నాలుగు నెలల పిల్లలున్న ఇళ్ళ నుంచి వచ్చేవాళ్ళలో ఈ ప్రశ్న అడగనివాళ్ళు తక్కువ.

ఏడో నెల తర్వాత ఏం మారిందో ముందు చూద్దాం. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో పిల్లలు మనిషి మొహం చూసి నవ్వడం మొదలుపెడతారు. ఆ నవ్వుకి అప్పట్లో పెద్ద తేడాలుండవు, మీకు నవ్వినట్టే పాలు తెచ్చే అబ్బాయికీ నవ్వుతుంది. మీ గొంతు, మీ వాసన పుట్టిన కొద్ది రోజులకే గుర్తుపడుతుంది, అది వేరే సంగతి. మీరు గదిలోంచి వెళ్ళిపోతే మాత్రం, ఎక్కడో ఉన్నారు, వెతకాలి అనే ఆలోచన ఆ వయసులో రాదు. నాలుగు నెలల పాప ముందు గిలక్కాయ మీద గుడ్డ కప్పి చూడండి, అక్కడేమీ లేనట్టే మొహం తిప్పుకుంటుంది. అదే పాప ఎనిమిది, తొమ్మిది నెలలకి గుడ్డ లాగి గిలక్కాయ తీస్తుంది. కనబడని వస్తువు కూడా ఉంటుందన్న ఈ తెలివి గురించి స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జాఁ పియాజే తన సొంత పిల్లల్ని గమనించే రాశాడు. వస్తువు విషయంలో వచ్చిన తెలివే అమ్మ విషయంలోనూ పనిచేస్తుంది. అమ్మ కనబడటం లేదు అంటే ఎక్కడో ఉంది. ఎక్కడుందో, ఎప్పుడొస్తుందో మాత్రం తెలియదు. అయిదు నిమిషాలకీ అయిదు గంటలకీ తేడా పది నెలల పిల్లకి ఎలా తెలుస్తుంది? బాత్‌రూం తలుపు దగ్గర ఏడుపు అక్కడి నుంచి వచ్చిందే.

అదే సమయంలో ఇంకోటి జరుగుతుంది. అందరు మనుషుల్లోంచి "నా వాళ్ళు" అనేవాళ్ళు విడిగా తేలతారు. రుడాల్ఫ్ షాఫర్, పెగ్గీ ఎమర్సన్ అనే పరిశోధకులు స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో 60 మంది పసిపిల్లల ఇళ్ళకి వెళ్తూ గమనించి, ఆ వివరాలు 1964లో ప్రచురించారు. ఎక్కువ మంది పిల్లల్లో ఏడు, తొమ్మిది నెలల మధ్య ఒక ఫలానా మనిషి వదిలి వెళ్తే ఏడవడం మొదలైంది. ఇంచుమించు ఆ తర్వాత నెలలో కొత్తవాళ్ళంటే బెదురు వచ్చింది. మీ పాప కథ సరిగ్గా ఇదే వరసలో ఉంది. పాకడం నేర్చి మీ దగ్గర నుంచి దూరంగా పోగలిగే వయసులోనే ఈ భయం కూడా రావడం ప్రకృతి చేసిన మంచి ఏర్పాటని నాకు అనిపిస్తుంది. పాకే పిల్లకి ఎవరి దగ్గరికైనా పోయే గుణం అలాగే మిగిలితే ఏమయ్యేదో ఆలోచించండి.

ఇది సాధారణంగా పది నుంచి పద్దెనిమిది నెలల మధ్య ఎక్కువగా ఉండి, రెండేళ్ళు దాటాక మెల్లగా తగ్గుతుంది. మధ్యలో ఒక నెల తగ్గినట్టుండి మళ్ళీ పెరుగుతుంది కూడా. పళ్ళు వస్తున్నప్పుడు, జ్వరం వచ్చి తగ్గినప్పుడు, ఇల్లు మారినప్పుడు ఎక్కువవుతుంది. పిల్లలందరికీ ఒకేలా ఉండదు. 1956లో న్యూయార్క్‌లో అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ అనే దంపతులు మొదలుపెట్టిన దీర్ఘకాల అధ్యయనంలో దాదాపు 40 శాతం పిల్లలు కొత్తదానికి తేలిగ్గా అలవాటుపడేవాళ్ళు, 10 శాతం మంది ప్రతిదానికీ గట్టిగా ఎదురుతిరిగేవాళ్ళు, 15 శాతం మంది మొదట వెనక్కి తగ్గి నిదానంగా కలిసేవాళ్ళు, మిగతావాళ్ళు కలగలుపు. కాబట్టి మీ తోడికోడలి కొడుకు ఏడవలేదని మీ పాపలో లోపం వెతకొద్దు.

ఇక "చెడగొట్టావు" అన్న మాట. అత్తగారితో వాదించమని చెప్పను, వాళ్ళ కాలంలో వాళ్ళకీ ఇదే మాట ఎవరో అని ఉంటారు. మీ మనసులో మాత్రం ఈ అనుమానం ఉంచుకోకండి. 1986లో కెనడాలోని మాంట్రియల్‌లో తల్లుల్ని రెండు గుంపులు చేసి, ఒక గుంపుని పిల్లల్ని రోజూ మామూలుకంటే అదనంగా మూడు గంటలు ఎత్తుకోమన్నారు, పాప ఏడ్చినా ఏడవకపోయినా సరే. ఆరు వారాల వయసొచ్చేసరికి ఎక్కువగా ఎత్తుకున్న పిల్లలు రెండో గుంపు పిల్లలకంటే 43 శాతం తక్కువ ఏడ్చారు. అంతకుముందు, 1972లో, సిల్వియా బెల్, మేరీ ఐన్స్‌వర్త్ అనే పరిశోధకులు అమెరికాలోని బాల్టిమోర్‌లో 26 మంది తల్లీబిడ్డల్ని చూసి, మొదటి నెలల్లో ఏడవగానే పలికిన తల్లుల పిల్లలు ఏడాది చివరికొచ్చేసరికి తక్కువ ఏడ్చారని చెప్పారు. తర్వాత వచ్చిన అధ్యయనాల్లో ఆ రెండో ఫలితం అంత గట్టిగా తేలలేదు, ఆ మాట కూడా చెప్పాలి. కానీ ఏడ్చినప్పుడు ఎత్తుకుంటే పసిపిల్లలు పాడైపోతారని మాత్రం వీటిలో ఏదీ చూపలేదు. ఏడ్చినప్పుడు మీరు పలికారు కాబట్టే, ఏడిస్తే మీరు వస్తారని పాప నమ్ముతోంది. ఆ నమ్మకాన్ని ఇప్పుడు ఇంకో మనిషి మీదకి కూడా పాకించడమే మీ ముందున్న పని.

నాన్న సంగతి. వారానికి అయిదు రోజులు కనబడని మనిషి శనివారం పొద్దున్నే లోపలికొచ్చి, ప్రేమ ఆపుకోలేక ఒక్కసారిగా ఎత్తుకుంటే పాప బెదిరిపోతుంది. ఆయనకి మనసు కష్టంగా ఉంటుంది, అర్థమవుతుంది. ఈ వారం ఇలా చేసి చూడమనండి. లోపలికొచ్చాక పాప వంక నేరుగా చూడకుండా, కాస్త దూరంగా నేలమీద కూర్చుని, గిన్నెలో చెంచా వేసి ఆడుకోవాలి. మీరు పాపని ఒళ్ళో పెట్టుకుని ఆయనతో మామూలుగా కబుర్లు చెప్పాలి. పాపే మెల్లగా దిగి అటు పాకుతుంది. పది నిమిషాలు పట్టొచ్చు, ముప్పావు గంట పట్టొచ్చు. ఆ తర్వాత ఆ రెండు రోజులూ ఒక పని పూర్తిగా నాన్నదే అయి ఉండాలి. స్నానం చేయించడమో, సాయంత్రం వీధిలోకి తిప్పడమో, ఏదైనా ఒకటే పని ప్రతి వారం. మిగతా రోజుల్లో రోజూ కాసేపు వీడియో కాల్‌లో మాట్లాడించండి. రెండేళ్ళలోపు పిల్లలకి స్క్రీన్ వద్దనే భారత శిశువైద్యుల సంఘం కూడా, అయినవాళ్ళతో అప్పుడప్పుడు వీడియో కాల్‌కి మినహాయింపు ఇచ్చింది.

తాతయ్యకీ ఇదే పద్ధతి. "మీ మనవరాలే కదా, పట్టండి" అని ఏడుస్తున్న పిల్లని చేతుల్లో పెట్టేయకండి. మీ చంకలోనే ఉండనిచ్చి, తాతయ్యతో మీరు నవ్వుతూ మాట్లాడండి. ఈ వయసు పిల్లలు భయపడాలా వద్దా అన్నది మీ మొహం చూసి తేల్చుకుంటారు. దీని మీద 1985లో ప్రచురించిన ఒక ప్రయోగం చాలా ప్రసిద్ధం. ఏడాది వయసు పిల్లల్ని ఒక అద్దం బల్ల మీద పాకించారు. సగం దూరం వెళ్ళాక అద్దం కింద నేల 30 సెంటీమీటర్లు లోతుకి దిగినట్టు కనిపిస్తుంది, నిజానికి పైన అద్దం ఉంది, పడే ప్రమాదమేమీ లేదు. అవతలి ఒడ్డున తల్లి ఉంటుంది. తల్లి సంతోషంగా మొహం పెట్టినప్పుడు 19 మందిలో 14 మంది దాటి వచ్చారు. తల్లి భయం చూపించినప్పుడు 17 మందిలో ఒక్కరూ దాటలేదు. మామగారు వస్తున్నారంటే "అయ్యో, మళ్ళీ ఏడుస్తుందేమో" అని మీరు ముందే టెన్షన్ పడుతుంటే, పాప ఆ టెన్షన్‌ని మీ మొహంలోనే చదివేస్తుంది.

డేకేరా, అత్తగారా? ఇంట్లో అత్తగారు ఉండగలిగితే, ఆవిడకి ఆరోగ్యం, ఓపిక ఉంటే, ఈ వయసుకి అది మంచిదే. పాపకి ఇల్లు మారదు, మనిషి మారరు. కానీ అరవై అయిదేళ్ళ మనిషి పాకే పిల్ల వెంట పదిగంటలు తిరగడం తేలికేమీ కాదు. మొహమాటానికి ఒప్పుకుని, మధ్యాహ్నానికి అలిసిపోయి టీవీ ముందో ఫోన్ ముందో కూర్చోబెట్టే పరిస్థితి వస్తే దానికంటే మంచి డేకేర్ నయం. సాయానికి ఒక మనిషిని పెట్టి, అత్తగారు పైన చూసుకునేలా ఏర్పాటు చేసుకోగలిగితే చూడండి.

డేకేర్‌లో వేస్తే అమ్మ మీద మమకారం పోతుందన్న భయం చాలామందికి ఉంటుంది. అమెరికాలో 1991 నుంచి పది చోట్ల 1,300 మందికి పైగా పిల్లల్ని పుట్టినప్పటి నుంచి గమనించిన పెద్ద అధ్యయనం ఒకటుంది. డేకేర్‌కి వెళ్ళినంత మాత్రాన తల్లితో బంధం బలహీనపడలేదని అందులో తేలింది. బంధం ఎలా ఉందన్నది ఎక్కువగా తల్లి పాపకి ఎలా స్పందిస్తుందన్న దానితోనే ముడిపడి ఉంది. ఇంట్లో స్పందన తక్కువై, డేకేర్ కూడా నాసిరకందైతే అప్పుడు ఇబ్బంది కనిపించింది. గ్లాస్గో పిల్లల్లో కూడా ఏడాదిన్నర వచ్చేసరికి ఎక్కువ మందికి ఒకరికంటే ఎక్కువ మంది "నా వాళ్ళు" ఉన్నారు. వాళ్ళలో రోజంతా దగ్గరున్నవాళ్ళే ముందుండాలనేం లేదు, పిల్ల పిలిస్తే పలికి ఆడించేవాళ్ళు ముందున్నారు. అమ్మమ్మ, పిన్ని, మేనమామ చేతుల మీదుగా పెరిగిన మన ఇళ్ళలో ఈ సంగతి అందరికీ తెలిసిందే.

డేకేర్ చూడ్డానికి వెళ్ళినప్పుడు గోడల మీద బొమ్మలు, సీసీ కెమెరాలు, ఇంగ్లీష్ రైమ్స్ చూసి పడిపోకండి. నేనైతే మూడు సంగతులు అడుగుతాను. ఏడాది చుట్టుపక్కల పిల్లలు ముగ్గురు, నలుగురికి ఒక మనిషి ఉన్నారా? మా పాపని రోజూ చూసే ఆయా ఒక్కరేనా, నెలకొకరు మారతారా? మొదటి రోజుల్లో నన్ను లోపల కూర్చోనిస్తారా? మూడో ప్రశ్నకి "తల్లులు ఉంటే పిల్లలు ఇంకా ఏడుస్తారు మేడమ్, గేటు దగ్గర ఇచ్చేసి వెళ్ళిపోండి, రెండు రోజుల్లో వాళ్ళే సెట్ అవుతారు" అంటే ఆ చోటు వదిలేయండి. ఒక పిల్ల ఏడుస్తున్నప్పుడు అక్కడివాళ్ళు ఏం చేస్తున్నారో అరగంట కూర్చుని చూస్తే మిగతా అంతా తెలిసిపోతుంది. మీ ఆఫీసులో కూడా కనుక్కోండి. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో వచ్చిన సవరణ, ఆ తర్వాత దాని స్థానంలో వచ్చిన సామాజిక భద్రతా కోడ్ ప్రకారం 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ క్రెష్ (ఉద్యోగుల పిల్లల్ని చూసుకునే చోటు) సదుపాయం కల్పించాలి, రోజుకి నాలుగుసార్లు తల్లి వెళ్ళి బిడ్డని చూసి రానివ్వాలి. చాలా ఆఫీసుల్లో అడిగేదాకా ఎవరూ చెప్పరు.

ఇప్పుడు అలవాటు చేసే పద్ధతి. జర్మనీలో చాలా డేకేర్లలో వాడే "బెర్లిన్ పద్ధతి" నాకు బాగా నచ్చుతుంది, మన దగ్గర కూడా చేయడం కష్టమేమీ కాదు. మొదటి మూడు రోజులు తల్లో తండ్రో పాపతోపాటు వెళ్ళి గంటసేపు ఉండి, ఇద్దరూ కలిసి తిరిగొస్తారు. ఆ మూడు రోజుల్లో అసలు విడిపోవడమే ఉండదు. తల్లి ఒక మూల ఊరికే కూర్చుంటుంది. పాపని అటు తోయదు, పాప వస్తే ఒళ్ళోకి తీసుకుంటుంది. చూసుకోబోయే మనిషి మెల్లగా ఆటలోకి దిగుతుంది. నాలుగో రోజు తల్లి "వెళ్ళొస్తా" అని చెప్పి బయటికెళ్తుంది, ఎక్కువలో ఎక్కువ అరగంట. పాప ఏడ్చినా ఆ మనిషి ఎత్తుకుంటే ఊరుకుంటే, తర్వాతి రోజుల్లో ఆ సమయం పెంచుకుంటూ పోతారు. ఎంతకీ ఊరుకోకపోతే తల్లి వెంటనే లోపలికొచ్చేస్తుంది, మళ్ళీ కొన్నాళ్ళు విడిపోకుండా కలిసే వెళ్తారు. తేలిగ్గా కలిసే పిల్లలకి వారం చాలు, బెరుకున్నవాళ్ళకి రెండు మూడు వారాలు. మొదటిసారి విడిపోవడం సోమవారం పెట్టుకోరు, రెండు రోజులు ఇంట్లో ఉండొచ్చిన పిల్లకి ఆ రోజు మళ్ళీ కొత్తగా ఉంటుంది కాబట్టి. మీకు ఇంకా నెల ఉంది. ఉద్యోగంలో చేరే రోజే డేకేర్ మొదటి రోజు కాకుండా, వచ్చే వారమే మొదలుపెట్టండి. అత్తగారి దగ్గర వదిలేటట్టయినా ఇదే వరస, చోటు మాత్రం మీ ఇల్లు.

ఇక జారుకోవడం. మన ఇళ్ళలో ఇది ఎంత మామూలంటే, ఎవరికీ తప్పుగా కూడా తోచదు. పాప ఏడవదు, మీకు ఆఫీసు బస్సు దొరుకుతుంది, అందరికీ సుఖం. మరి పాప వైపు నుంచి చూడండి. కాకిని చూస్తోంది, వెనక్కి తిరిగింది, అమ్మ లేదు. వెళ్తున్నట్టు ఏ సూచనా లేదు. ఇలా కొన్నిసార్లు అయ్యాక పిల్లకి అర్థమయ్యేదేమిటి? కళ్ళు పక్కకి తిప్పితే అమ్మ మాయమైపోతుందని. అందుకని మీరు ఇంట్లో ఉన్న సమయంలో కూడా మిమ్మల్ని కాపలా కాస్తుంది. బాత్‌రూం ఏడుపులో కొంత భాగం ఈ జారుకోవడం వల్ల వచ్చిందేనని నా అనుమానం.

దాని బదులు చెప్పి వెళ్ళండి. రోజూ అవే మాటలు, అదే చేష్ట. ముద్దు పెట్టి, "అమ్మ ఆఫీసుకి వెళ్ళి సాయంత్రం పాలవేళకి వస్తుంది, టాటా" అని, చూసుకునే మనిషి చేతికిచ్చి, వెళ్ళిపోండి. అర నిమిషంలో అయిపోవాలి. ఏడుస్తుంది, ఏడవనివ్వండి, పట్టుకునే మనిషి ఉన్నారు కదా. మీరు చేయకూడనిది ఏమిటంటే, గుమ్మం దాటి మళ్ళీ వెనక్కొచ్చి ఇంకోసారి ఎత్తుకోవడం, కళ్ళనీళ్ళు పెట్టుకోవడం, "వెళ్ళనా? వెళ్ళనా?" అని పదినెలల పిల్లని అనుమతి అడగడం. ఈ మాటలు ఇప్పుడు అర్థం కాకపోయినా వరస అర్థమవుతుంది. ఈ వరస తర్వాత అమ్మ వెళ్తుంది, సాయంత్రం వస్తుంది అని కొన్ని వారాలకి పట్టేస్తుంది. మీరు వాడిన చున్నీ ఒకటి మెలకువగా ఉన్నప్పుడు ఇచ్చినా మంచిదే, నిద్రపోయేటప్పుడు మాత్రం మొహం దగ్గర ఉంచవద్దని గట్టిగా చెప్పండి.

ఇంట్లో సాధనకి దోబూచులాట కంటే మంచిది లేదు. మొహానికి కొంగు కప్పుకుని తీయడం, తలుపు చాటున దాక్కుని రావడం, పక్కగదిలోకి వెళ్ళి "అమ్మ ఇక్కడుంది" అని గొంతు వినిపిస్తూ ఉండి అర నిమిషానికి రావడం. పోవడం, రావడం అన్న రెండూ కలిసే ఉంటాయని పాపకి నేర్పే ఆట ఇది. ఏ వస్తువూ కొనక్కర్లేదు.

సాయంత్రం సంగతి చాలామంది పట్టించుకోరు, నాకు మాత్రం పొద్దున కంటే అదే ముఖ్యం. మేరీ ఐన్స్‌వర్త్ 1950ల్లో ఉగాండాలో కంపాలా దగ్గరి పల్లెల్లో తల్లీబిడ్డల్ని గమనించి, తర్వాత బాల్టిమోర్‌లో ఒక పరీక్ష రూపొందించింది. దాదాపు ఇరవై నిమిషాలు ఉంటుంది. తల్లి గదిలోంచి రెండుసార్లు బయటికెళ్ళి మళ్ళీ వస్తుంది. తల్లి వెళ్ళినప్పుడు పాప ఎంత ఏడ్చిందన్నది అందులో పెద్ద లెక్కలోకి రాదు. తల్లి తిరిగొచ్చినప్పుడు పాప ఏం చేసిందన్నదే ఎక్కువగా చూస్తారు. దగ్గరికొచ్చి, ఒళ్ళోకి ఎక్కి, కాసేపటికి ఊరట పడి మళ్ళీ ఆటలోకి వెళ్ళిందా? వెళ్తే బంధం భద్రంగా ఉన్నట్టు. అందుకని మీరు ఇంటికొచ్చిన మొదటి పదిహేను, ఇరవై నిమిషాలు ఫోన్ పక్కన పడేసి, చేతులు కడుక్కుని, నేలమీద కూర్చోండి. కుక్కర్ తర్వాత పెట్టుకోవచ్చు. "ఇంతసేపూ బంగారంలా ఉంది, నిన్ను చూడగానే మొదలెట్టింది" అని అత్తగారో ఆయానో అంటారు. విని బాధపడకండి. పొద్దుటి నుంచి ఆపుకున్నదంతా మీ దగ్గర వదులుకుంటుంది, అంతే. కొందరు పిల్లలు మొహం తిప్పేసుకుంటారు, కొందరు కొడతారు కూడా. మొదటి వారాల్లో రాత్రిళ్ళు ఎక్కువసార్లు లేస్తుంది, పాలకి ఎక్కువగా అడుగుతుంది. అదీ సర్దుకుంటుంది.

ఒక్క సంగతి కాస్త కోపంగానే రాస్తాను. బంధువులు ఇంటికొచ్చి "మీ అమ్మని నేను తీసుకుపోతున్నా, ఈవిడ ఇంక మా అమ్మ" అని పిల్ల బిక్కమొహం వేసేదాకా ఏడిపించి నవ్వుకోవడం ఉంది చూడండి, దాన్ని ఆపించండి. పెద్దవాళ్ళైనా సరే, నవ్వుతూనే పాపని తీసుకుని లోపలికెళ్ళిపోండి. ఇంకొంచెం పెద్దయ్యాక "అన్నం తినకపోతే బూచాడికిచ్చేస్తా", "డాక్టరు దగ్గర సూది వేయిస్తా", "తమ్ముడొస్తే నిన్నెవరు చూస్తారు" మొదలవుతాయి. విడిపోవడం అంటేనే భయపడే వయసులో ఆ భయాన్నే బెదిరింపుగా వాడటం సరదా కాదు. సూది మాట విన్న పిల్లలు క్లినిక్‌లో మమ్మల్ని చూసి ఎలా వణుకుతారో మాకు తెలుసు.

పక్కింటావిడ అనుమానానికి జవాబు. అమ్మని అంటిపెట్టుకోవడం, కొత్తవాళ్ళని చూసి ఏడవడం ఆటిజం లక్షణాలు కావు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ తొమ్మిది నెలలకి పిల్లలు చేయాల్సిన పనుల పట్టికలోనే "కొత్తవాళ్ళ దగ్గర సిగ్గు, అంటిపెట్టుకోవడం, భయం" అని రాసింది. మీరు గమనించాల్సింది వేరే ఉంది. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తోందా? దోబూచులాడితే నవ్వుతోందా? మీ కళ్ళలోకి చూసి పలకరిస్తోందా? ఏడాది దాటాక కావలసింది వేలితో చూపించి అడుగుతోందా? ఏడాదిన్నర వచ్చేసరికి కేవలం మీకు చూపించడానికి, "అదిగో కుక్క" అన్నట్టు, వేలు చూపిస్తోందా? ఇవి లేకపోయినా, ఒకసారి వచ్చిన మాటలు, చేష్టలు పోయినా, ఏ వయసులోనైనా సరే ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టరుకి చూపించాలి. ప్రభుత్వ రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో నడిచే సత్వర చికిత్సా కేంద్రాల్లో ఈ పరీక్షలు ఉచితంగా చేస్తారు. మేధో వైకల్యాలున్నవారి కోసం సికింద్రాబాద్‌లో నడిచే జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీ మీకు దగ్గరే. మీ పాప విషయంలో మీరు రాసిందంతా వేరే దారిలో ఉంది, మనుషుల్ని బాగా పోల్చుకుంటోంది కాబట్టే ఏడుస్తోంది.

మీ గురించి రెండు మాటలు. "ఒక్కోసారి ఏడుపు విని నాకే ఏడుపొస్తోంది, పాపతో ఆడాలనిపించడం లేదు" అని చివర్లో రాశారు. అలసట వల్ల వచ్చిందైతే నిద్ర, సాయం దొరికితే తగ్గుతుంది. రెండు వారాలు దాటి రోజూ అలాగే ఉంటే, దేనిమీదా ఆసక్తి లేకపోతే, అది కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ కావచ్చు, ఏడాదిలోపు ఎప్పుడైనా రావొచ్చు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేమీ పడవు. పాప కోసమైనా దీన్ని వాయిదా వేయకండి. తల్లి ఎదురుగానే ఉండి మొహంలో ఏ భావమూ లేకుండా రెండు మూడు నిమిషాలు కూర్చుంటే, కొద్ది నెలల పసివాళ్ళు ఎంత అల్లాడిపోతారో అమెరికా మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ ట్రానిక్ 1970ల్లో చేసిన ప్రయోగాల్లో చూపించాడు. అలాగని ప్రతి క్షణం పాపకి తగ్గట్టు ఉండాలని హైరానా పడనక్కర్లేదు. బాగున్న తల్లీబిడ్డల మధ్య కూడా తాళం కలిసేది మొత్తం సమయంలో మూడో వంతే ఉంటుందని, తప్పిన తాళాన్ని మళ్ళీ కలుపుకోవడంలోనే పిల్లలు చాలా నేర్చుకుంటారని చెప్పిందీ ఆయనే.

ముందుకి ఏం వస్తుందో కూడా చెప్పేస్తాను, అప్పుడు కంగారు పడకుండా. ఏడాదిన్నర దగ్గర ఈ అంటిపెట్టుకోవడం ఇంకోసారి వస్తుంది. ఆ వయసుకే అద్దంలో కనబడేది తనేనని తెలుస్తుంది, "నాది" మొదలవుతుంది, బొమ్మ లాక్కుంటే కొరుకుతుంది, వద్దంటే నేలమీద పడి దొర్లుతుంది. డేకేర్ నుంచి "మీ పాప కొరికింది" అని ఫోన్ వస్తే మొండిపిల్ల అని ముద్ర వేయకండి. చెప్పడానికి మాటలు చాలని వయసు అది.

అలవాటు చేయడం మొదలుపెట్టిన మూడు, నాలుగు వారాల తర్వాత కూడా పాప అక్కడ ఏమీ తినకుండా, నిద్రపోకుండా, ఆ మనిషి ఎత్తుకున్నా ఎంతకీ ఊరుకోకుండా ఉంటే, లేదా ఏడుపు ఆపేసి ఆడకుండా ఒక మూల కూర్చుంటోందని తెలిస్తే, పాపని సరిచేయాలని చూడకుండా చూసుకునే మనిషిని మార్చండి. మొదలుపెట్టే వారంలో జలుబో జ్వరమో ఉంటే ఒక వారం వెనక్కి జరపండి, టీకా వేయించిన మర్నాడు కూడా వద్దు. ఆఫీసులో మొదటి రెండు వారాలు సగం రోజు పనో, ఇంటి నుంచి పనో దొరుకుతుందేమో ఈ వారమే మీ మేనేజర్‌ని అడగండి.